తలకిందుల తెర

చీరాలలో పొద్దున్నే బస్సెక్కి గుంటూరు వచ్చిన నసీమున్నీసా హాలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె వేసిన తెరను తలకిందులుగా వేలాడదీశారు.

పాత నాటకాల తెరల ప్రదర్శన అది. ఏర్పాటు చేసింది డ్రాయింగు మాస్టారు శివరామకృష్ణ. తెరలు తెచ్చి కట్టింది ఆమె తమ్ముడు ఖాజావలి. రాజమహళ్ళు, అడవులు, పూలతోటలు వరసగా వేలాడుతున్నాయి. వాటిలో ముప్పాతిక వంతు ఆమె చేతి పనే. పన్నెండో ఏట తండ్రి మాబు సాహెబ్ పక్కన కూర్చుని ఆకాశాలకు రంగు నింపడంతో మొదలుపెట్టి, ముప్పై ఐదేళ్ళుగా కుంచె దించలేదు. మళ్ళీ పని ఎవరికివ్వాలో నాటకాల వాళ్ళకు తెలియడానికి తెర కింద మూల పేరు రాస్తారు. ఆ పేరు మాత్రం మొదట తండ్రిది, తర్వాత తమ్ముడిది. ఆడదాని పేరు తెర మీదెందుకన్నారు, ఊరుకుంది. అలా ఊరుకున్నందుకు ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ఈ ఒక్క తెరా ఆమె తనకోసం వేసుకుంది. తొంభై ఎనిమిదిలో నెల రోజులు పట్టింది. పైన సముద్రం, దానికి తలకిందులుగా వేలాడే వాడరేవు పడవలు. కింద కనుచూపు మేర ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, వాటి మీద ఆడవాళ్ళ పాదాల గుర్తులు. ఆ పాదాల కింద మూరెడు అక్షరాలతో తన పేరు రాసుకుంది. ఏ నాటకానికి పనికొస్తుందమ్మా ఇది అని నాటకాల కాంట్రాక్టరు పగలబడి నవ్వాడు. ఖాజావలి దాన్ని నాలుగేళ్ళు మిరపబస్తాల మీద కప్పాడు.

ఇప్పుడు తిప్పి కట్టేసరికి సముద్రం కిందకొచ్చింది. మిరపకాయలు ఎర్రటి ఆకాశమయ్యాయి, పాదాలు పక్షులయ్యాయి. పేరున్న అంచును పైన వెదురుబద్దకు చుట్టేశారు. పక్కన అట్ట మీద ‘వాడరేవులో సూర్యోదయం, చిత్రకారుడు ఖాజావలి’ అని ఉంది.

“ఒరేయ్ ఖాజా, దించరా దాన్ని.”

“మెల్లగా అక్కా! పెద్దలొచ్చే టైమైంది. సముద్రం పైనుంటే జనం నవ్వుతారే.”

“నవ్వుతారని తిప్పావు, సరే. పేరెందుకు చుట్టావ్?”

ఖాజావలి నేలచూపులు చూశాడు. “ఒకదాని మీద నీ పేరుంటే మిగతావెవరివని అడగరా? ఊళ్ళో నా ముఖం ఎక్కడ పెట్టుకోను?”

“ముప్పై ఐదేళ్ళు నా ముఖం ఎక్కడ పెట్టుకున్నానో ఎప్పుడన్నా అడిగావట్రా?”

కుర్చీ లాక్కుని ఎక్కి తాళ్ళు విప్పేసింది. తెర దభీమని కిందపడింది. నాలుగేళ్ళ మిరప ఘాటు ఒక్కసారిగా లేచింది. అప్పుడే లోపలికొచ్చిన తెల్లచొక్కాల పెద్దలందరికీ తుమ్ములే తుమ్ములు. మాస్టారు దగ్గుతూ పరుగెత్తుకొచ్చారు.

“ఎవరమ్మా మీరు? ఏంటండీ ఈ పని?”

ఆమె తెరను తిప్పింది. సముద్రం వైపు అంచు ఒక కొస పట్టుకుంది. “ఆ కొస నువ్వు పట్టుకోరా” అంది. ఖాజావలి పెద్దల వంక ఓసారి చూశాడు. తర్వాత వచ్చి పట్టుకున్నాడు.

తెర పైకి లేచింది. చుట్ట విడిపోయి కింద పేరు బయటపడింది. మాస్టారు కళ్ళు తుడుచుకుని పైకి చదివారు, “నసీమున్నీసా, చీరాల.” సముద్రం వంకా పడవల వంకా అలాగే చూస్తూ నిలబడిపోయారు.

“సర్రియలిజం అంటారమ్మా దీన్ని, లోకాన్ని కలలో కనిపించినట్టు వేయడం!”

“మీరేమన్నా అనుకోండి మాస్టారూ. ముందు కొత్త అట్టలు తెప్పించండి. ఈ హాల్లో ఏయే తెర నాదో చెబుతాను, రాసుకుందురుగాని.”