నూట పన్నెండో పేజీలో గిటారు

అశోక్ నగర్‌లో ఏ టీ కొట్టు దగ్గరైనా నిలబడి "సూర్యప్రకాశరావు బిట్లు" అని అడిగి చూడండి. పది చేతులు లేస్తాయి, పదింటిలోనూ నా పుస్తకమే ఉంటుంది. ఆ సూర్యప్రకాశరావును నేనే. ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాక, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల కోసం నాలుగు వేల ప్రశ్నలు, జవాబులు గుదిగుచ్చాను. తొమ్మిది ముద్రణలు అయ్యాయి. అట్ట మీద నా ఫొటో, దాని కింద ఎర్రటి అక్షరాల్లో ఒక సవాలు: "ఇందులో తప్పు చూపినవారిని శాలువా కప్పి సన్మానిస్తాం." ఆ శాలువా కొని బీరువాలో పెట్టి పదకొండేళ్లయింది. ఏడాదికోసారి దాని మడతల్లో కలరా ఉండలు మార్చడం తప్ప నాకు వేరే పని పడలేదు.

అలాంటి నా ఇంటికి, చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులోకి, ఒక బుధవారం ఉదయం జగదీశ్వర్ అనే అతను వచ్చాడు. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి ఎనిమిదేళ్లుగా పరీక్షలకు చదువుతున్నాడట. చెంపల దగ్గర జుట్టు నెరుస్తోంది. చెప్పులు గుమ్మం బయట ఒద్దికగా విడిచి, నిలబడే మాట్లాడాడు.

"సార్, మీ పుస్తకంల నూట పన్నెండో పేజీల తప్పు పడ్డది."

నాకు ఒళ్లు మండింది. అయినా కూర్చోమన్నాను.

ఆ పేజీ సంగతి చెప్పాలి. మా చిక్కడపల్లి కుర్రాడు ఫణికిరణ్ బేస్ గిటారు వాయిస్తాడు. పాటలో అందరి చెవినా పడే వాయిద్యాలు వేరు, ఆగిపోతే మాత్రం పాట ఖాళీ అయినట్టు తోచేది ఈ బేస్ గిటారు. లావాటి తీగలు, గంభీరమైన మోత. కిందటేడు అతనికి విదేశాల్లో పెద్ద అవార్డు వచ్చింది. అవార్డు వస్తే ప్రశ్న వస్తుంది, ఇది నా అనుభవం. వెంటనే లైబ్రరీకి వెళ్లి, పేపర్లో అతని ఫొటో ముందేసుకుని "ఫణికిరణ్ ఇష్టపడే వాయిద్యాలు, పరికరాలు" అని పాతిక బిట్లు రాసి పారేశాను. గిటారు ఏ కర్రతో చేశారు, స్పీకరు బరువెంత, తీగలు ఎప్పుడు మారుస్తాడు, అన్నీ రాశాను. ఫొటోలో తీగలున్న చోట సిరా అలుక్కుపోయింది. గిటారన్నాక ఆరు తీగలు కదా, మా మేనల్లుడి గిటారుకు ఆరే. కాబట్టి ఆరు అని రాశాను.

నా అనుభవం వమ్ము కాలేదు. మొన్నటి పరీక్షలో ఆ ప్రశ్న యథాతథంగా వచ్చింది. "ఫణికిరణ్ వాయించే బేస్ గిటారు తీగలు ఎన్ని?" పరీక్షలవాళ్లు ఇచ్చిన ప్రాథమిక కీలో జవాబు ఆరు, ఆధారం నా పుస్తకం. ఆ రోజు వీధంతా మైసూర్‌పాక్ పంచాను.

"నేను నాలుగు అని పెట్టిన సార్" అన్నాడు జగదీశ్వర్. "లెక్క చూసుకున్న. ఒక్క మార్కు కాడ ఆగేటట్టున్న. వయసు దాటింది, ఇగ రాసేది లేదు. శనివారం దాకా అభ్యంతరం పెట్టుకోవచ్చు. అచ్చయిన పుస్తకం ఆధారంగ చూపియ్యాలంట."

"నాలుగని నీకెవరు చెప్పారయ్యా?"

"చూసిన సార్. ఆదివారాలు మైక్ సెట్ వాళ్లతోని వైర్లు ఎయ్యబోత. నారాయణగూడల ఫణి అన్న ప్రోగ్రామ్‌కు నేనే ఏసిన."

వైర్లు వేసేవాడు నాకు చెప్పొచ్చాడు! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడట వెనకటికొకడు. నేను పట్టిన గిటారుకు ఆరే తీగలు. "పద, ఆ ఫణికిరణ్‌నే అడుగుదాం" అని చెప్పులు తొడిగాను. వాళ్లిల్లు రెండు సందుల అవతలే. వాళ్ల తాతగారు బందరు నుంచి ఉద్యోగం మీద వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉంటున్నారు.

తలుపు తీసింది వాళ్లమ్మ కమలాకుమారి గారు. "రండి మాస్టారూ! మావాడి మీద ఏదో పుస్తకం రాశారటగా?" అంటూ లోపలికి తీసుకెళ్లారు. ఫణికిరణ్ లుంగీ కట్టుకుని ఇడ్లీ తింటున్నాడు. అవార్డు తెచ్చిన గిటారు బియ్యం డబ్బాకు ఆనించి ఉంది.

లెక్కపెట్టాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాను.

"మిగతా రెండూ తెగిపోయాయా నాయనా?" అన్నాను.

"లేదు మాస్టారూ, దీనికి నాలుగే. బేస్ గిటారుకు మామూలుగా నాలుగే ఉంటాయి" అన్నాడు ఫణికిరణ్. అంతలో జగదీశ్వర్ వైపు చూసి, "నువ్వు నారాయణగూడలో వైర్లు వేసిన తమ్ముడివి కదూ? వేదిక దిగుతూ నీకే కదా దీన్ని పట్టుకోమని ఇచ్చింది" అన్నాడు. జగదీశ్వర్ మొహం వెలిగిపోయింది.

అక్కడితో లేచి వచ్చేసినా నా పరువు కొంత మిగిలేది. కానీ పుస్తకం తెరిచి మిగతా బిట్లు కూడా అడిగాను. "ప్రతి కచేరీకి ముందు తీగలు మారుస్తారు" అని నేను రాశాను. పన్నెండేళ్లుగా మార్చలేదట, పాతబడిన తీగల మోతే అతనికి ఇష్టమట. "ఎనభై కిలోల విదేశీ స్పీకరు" అని రాశాను. ముషీరాబాద్‌లో ఓ మెకానిక్ బాగుచేసి ఇచ్చిన పాత డబ్బా చూపించాడు, దాని మీద ఊరగాయ జాడీ ఉంది. ఫొటోలో తీగల కింద నల్లగా ఏదో కనబడితే "జర్మనీ ధ్వని నియంత్రణ పరికరం" అని రాశాను.

"అది మా కుర్చీ దిండులో స్పాంజి మాస్టారూ" అన్నారు కమలాకుమారి గారు. "మోత సాగకుండా ఉండాలని వీడే కోసి పెట్టుకున్నాడు. ఇదుగో, మీరు కూర్చున్న కుర్చీదే."

అందుకే కాబోలు, అప్పటికే నేను సగం కుంగిపోయి ఉన్నాను.

ఫణికిరణ్ మంచివాడు. తన గిటారుకు నాలుగు తీగలేనని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, గిటారుతో ఫొటో కూడా దిగి ఇచ్చాడు. అక్కడి నుంచే పరీక్షలవాళ్ల సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది.

"ఆయన పుస్తకమేదైనా రాశారా అండీ?"

"లేదమ్మా. గిటారు వాయిస్తాడు."

"అయితే ఆయన మాట చెల్లదండీ. ప్రామాణిక గ్రంథం కావాలి."

"ఈ విషయం మీద ప్రామాణిక గ్రంథం ఏముందమ్మా?"

"సూర్యప్రకాశరావు గారిది ఉందండీ" అంది ఆ అమ్మాయి, ఎంతో గౌరవంగా.

జీవితంలో మొదటిసారి నా పేరు వింటే నాకు సిగ్గేసింది. పక్కన జగదీశ్వర్ నా మొహంలోకే చూస్తున్నాడు. ఎనిమిదేళ్ల చదువు, ఆఖరి పరీక్ష, ఒక్క మార్కు. ఆ మార్కు ఇప్పుడు ఈ లోకంలో నేనొక్కడినే ఇవ్వగలను.

అబద్ధమెందుకు, ఇంటికొచ్చి ఒక పూట తటపటాయించాను. తొమ్మిది ముద్రణల పేరు, అట్ట మీది సవాలు కళ్ల ముందు మెదిలాయి. మర్నాడు నారాయణగూడలో ప్రెస్సుకు వెళ్లి, ఆరు కొట్టేసి నాలుగు వేయించి, దగ్గర కూర్చుని పదో ముద్రణ అచ్చు వేయించాను. అట్ట మీద సవాలు తీయించేశాను. శనివారం మధ్యాహ్నం జగదీశ్వర్ ఆ పేజీ జతచేసి అభ్యంతరం పంపాడు. నా తప్పు నేనే దిద్దుకున్న నా గొప్పతనానికి నాకే కళ్లు చెమర్చాయి.

నెల తిరిగేసరికి తుది కీ వచ్చింది. జవాబు ఆరు. ఆధారం సూర్యప్రకాశరావు, తొమ్మిదో ముద్రణ, నూట పన్నెండో పేజీ. కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది: "పదో ముద్రణ పరీక్ష తర్వాత వెలువడినందున పరిగణనలోకి తీసుకోలేదు." జగదీశ్వర్‌కు ఒక్క మార్కుతో ఉద్యోగం తప్పిపోయింది.

అతను వస్తే తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. హాస్టల్ ఖాళీ చేసి, సంచి భుజాన వేసుకుని వచ్చాడు. చదివి చదివి నలిగిపోయిన నా పుస్తకం బల్ల మీద పెట్టి, "ఇగ నాకు పని లేదు సార్. మీకే ఇచ్చి పోదామని వచ్చిన" అన్నాడు. బీరువా తెరిచి శాలువా తీసి అతని భుజాల మీద కప్పాను. గది నిండా కలరా ఉండల వాసన కొట్టింది.

మాట కోసం పుస్తకం తిరగేశాను. పేజీల్లో అక్కడక్కడా పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి, పక్కన సన్నటి రాతలో వేరే జవాబులు.

"ఇవేంటి?"

"తప్పులు సార్. నలభై ఒక్కటి ఉన్నయి."

"మరి వీటికి అభ్యంతరం పెట్టలేదేం?"

"ఎందుకు పెడత సార్? అండ్ల నాలుగు పరీక్షల వచ్చినయి. మీరు రాసినట్టే పెట్టిన. నాలుగు మార్కులు పడ్డయి."

"మరి ఆ గిటారు దగ్గర కూడా ఆరు అనే పెట్టొచ్చు కదయ్యా! ఉద్యోగం వచ్చేది కదా!" అరిచాను. నా మీద నాకున్న కోపమంతా అతని మీద పడింది.

అతను తన కుడిచేతి వేళ్ల వంక చూసుకున్నాడు. "తక్కినయి చదివి తెలుసుకున్నయి సార్. అది చేతుల పట్టుకున్న. నాలుగు తీగలు ఈ వేళ్లకు తగిలినయి. ఆరు కాడ బబుల్ నింపుదామంటే చెయ్యి రాలే."

శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. చెప్పులు తొడుక్కుంటూ గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, ఒక్క మాట. ఆ నలభై ఒక్కటి మాత్రం దిద్దకుండ్రి. కీ మీ పాత పుస్తకం చూసే ఇస్తరు. కొత్తది చదివినోళ్లు ఒప్పు పెడితే మార్కులు పోతయి. పాపం, వాళ్లకు కూడ వయసు అయిపోతుంటది."

పదకొండో ముద్రణ ప్రూఫులు నా బల్ల మీద ఉన్నాయి. పక్కనే జగదీశ్వర్ పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. ఎర్ర పెన్ను మూత తీసి మూడు రోజులైంది, ఇంతవరకు ఒక్క తప్పూ దిద్దలేదు.