ఒక శాతం నెత్తురు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ కార్ఖానాలో ఇస్త్రీ యంత్రం ముందు నిలబడితే మొహం మీద కాలే పెనం బోర్లించినట్టుంటుంది. ఒకరు తడి దుప్పటి అందించాలి, ఒకరు అవతలివైపు కాలిపోతున్న దుప్పటి అందుకోవాలి. గంటకు తొంభై. ఎనభై తొమ్మిదైతే ఆ గంట కూలిలో సగం కోత. ఆమె అరవయ్యో దుప్పటి మీద ఉండగా బావగారు ఫోన్ చేశాడు. పని మధ్యలో ఫోన్ ఎత్తకూడదు. మూడోసారి మోగాక తోటి మనిషికి అంచు అప్పజెప్పి పక్కకు వెళ్ళింది.

"పాప రిపోర్టు వచ్చిందమ్మా. సాయంత్రం చిన్నాన్న కూడా వస్తున్నాడు. తిన్నగా ఇంటికి రా," అని పెట్టేశాడు.

ఆ రిపోర్టు సంగతి ఆమె మరిచేపోయింది. రేవులో క్రేను తాడు తెగి భర్త పోయి రెండేళ్ళు. అప్పటినుంచీ మామగారు కట్టిన ఇంటి మేడ మీద రెండు గదుల్లో తనూ, తొమ్మిదేళ్ళ కూతురూ, అత్తగారూ ఉంటున్నారు. కింద బావగారి రంగుల దుకాణం. డబ్బాలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని ఆయన ఏడాదిగా అంటూనే ఉన్నాడు. మొన్నామధ్య ఒకటి కొంటే ఒకటి ఉచితమంటూ రెండు గొట్టాలు తెచ్చాడు. ఉమ్మి పంపితే పూర్వీకులు ఎక్కడివాళ్ళో చెబుతారట. తను ఒకదాంట్లో ఉమ్మి, పిల్ల చేత రెండోదాంట్లో ఉమ్మించాడు. పిల్ల సరదాపడింది. తల్లి ఫోన్ నంబరు కావాలంటే ఈమె ఇచ్చింది. ఊరికే ఏదీ తేని మనిషి ఉచితంగా ఎందుకు తెచ్చాడా అని ఆవేళ అనుమానం రాలేదు.

భోజనాల వేళకు ఫోటో వచ్చింది. పిల్ల రిపోర్టులో చిట్టచివరి వరుస చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. 'దీవులవాళ్ళు: 1.2 శాతం.' కింద బావగారి మాట: 'దీనికి జవాబు కావాలి.'

ఆమె అన్నం గిన్నెకు మూత పెట్టేసింది. కార్ఖానా వ్యాను తోలే పెద్దమనిషిది ఆ దీవులే. వానపడిన రోజున తనను వీధి మొదట దించి వెళతాడు. పదేళ్ళుగా అందరినీ దించినట్టే. నలుగురూ చూసిందే. చూసినవాళ్ళు ఇప్పుడు వేరే కళ్ళతో గుర్తుచేసుకుంటారు.

ఆసుపత్రిలో రక్తపరీక్షల గదికి తెల్లకోట్లు చేరవేసే పని ఇంకొకరిది. ఆ పూట తను వెళతానని అడిగి తీసుకుంది. అక్కడి పరీక్షలమ్మాయి కోట్లు లెక్కపెట్టుకుంటుంటే ఫోన్ ముందు పెట్టింది. ఆ అమ్మాయి చదివి, ఎవరడిగారక్కా అంది. చెప్పింది.

"దీన్ని పట్టుకునా పంచాయితీ? రెండు శాతం లోపుది లెక్కలోకే రాదక్కా. యంత్రం వేసే ఊహ. వచ్చే ఏడాది వాళ్ళ లెక్క మారితే ఇది మాయమైపోవచ్చు కూడా. అసలు ఆ దీవులవాడెవడో తండ్రైతే ఒక శాతమెందుకుంటుంది? సగం ఉండాలి, సగం."

తల్లి నంబరు మీదే తెరిచిన ఖాతా కనుక పిల్ల పేజీలన్నీ ఈ ఫోన్‌లోనే తెరుచుకున్నాయి. బావగారు ఫోటో తీయని పేజీ కూడా ఉంది. 'మీ బంధువులు' అని. మొదటి పేరు బావగారిదే. ఇరవై ఆరు శాతం కలిసింది.

"ఇది చూడు. సొంత పెదనాన్నకి ఇంతే ఉంటుంది. మీ ఆయన కూతురేనని ఇంతకంటే ఎవరు చెబుతారు?" అని ఆ అమ్మాయి వేలితో ఇంకాస్త కిందికి జరిపి ఆగిపోయింది. "మీ బావగారికీ ఉందే ఈ దీవుల ముక్క. ఒకటీ పాయింట్ తొమ్మిది."

"అంటే?"

"అంటే ఏమీ కాకపోవచ్చు. లేదా ఐదారు తరాల వెనక ఎవరో ఒకరు కావచ్చు. ఎవరని ఎవరు చెప్పగలరు? ఇంట్లో మాత్రం ఈ ముక్క జాగ్రత్తగా చెప్పక్కా."

ఆ మాట ఎందుకందో అర్థమయ్యేసరికి ఆమె మెట్లు దిగుతోంది. ఆ ముక్క బావగారికీ ఉందంటే వేలు అత్తగారివైపు తిరుగుతుంది.

ఇంటికి వెళ్ళేసరికి పిల్లను పక్కింటికి పంపేశారు. చినమామగారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చనిపోయిన మామగారి తమ్ముడు. ఈ ఇంటి గడప తొక్కి నాలుగేళ్ళయిన మనిషి. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. మేడ గదుల మీద తనకూ తన కూతురికీ ఏ హక్కూ లేదని ఆమె సంతకం పెట్టాలి. గోల చేయకుండా పెడితే వీధిలో ఎవరికీ తెలియనివ్వనని బావగారు మెత్తగా చెప్పాడు. అత్తగారు గోడకానుకుని కూర్చుని వేళ్ళు విరుచుకుంటోంది.

ఆమె ఫోన్ తీసి బంధువుల పేజీ చూపించింది. పరీక్షలమ్మాయి అన్నదంతా చెప్పింది. ఇరవై ఆరు శాతం చూడగానే బావగారి చెయ్యి కాగితం మీద నుంచి జారింది. ఆయనకది కొత్త సంగతి కాదని ఆ మొహమే చెప్పింది.

అంతటితో అయిపోతుందనుకుంది. కానీ చినమామగారు కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ తీసుకున్నాడు. నిదానంగా కిందికి జరిపాడు. చాలాసేపు చూశాడు.

"ఒరేయ్, నీకూ ఉందిరా ఇది. దాని కంటే ఎక్కువే ఉంది."

ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"మా వంశంలో దీవులవాళ్ళు లేరు," అన్నాడాయన. కళ్ళు మెల్లగా గోడవైపు, వదినగారివైపు తిరిగాయి. "మరి ఎటునుంచి వచ్చినట్టు? ఈ ఇల్లు మా అన్న కట్టింది. మా నాన్న స్థలంలో."

తీగ లాగింది బావగారే. ఇప్పుడు డొంకంతా కదిలి ఆయన మీదే పడుతోంది. ఒక శాతమంటే ఏమీ కాదు చిన్నాన్నా, యంత్రం ఊహట, ఇప్పుడే చెప్పింది కదా అని గబగబా అన్నాడు. పొద్దున తనే ఎర్ర సిరాతో సున్నా చుట్టిన మనిషి. సాయం కోసం మరదలివైపు చూశాడు. అవునని ఆమె ఎంత చెప్పినా చినమామగారి చెవికెక్కలేదు. ఊహో కాదో తేల్చేద్దాం, ఇంకో గొట్టం నేనే కొంటాను, వదిన చేత ఉమ్మించండి, ఆవిడ పుట్టింటి రక్తమో కాదో తెలుస్తుంది, సచ్ఛీలురాలైతే భయమెందుకు అన్నాడు.

బావగారు తల్లివైపు తిరిగి, "ఒక్కసారే కదమ్మా," అన్నాడు.

అత్తగారు తలెత్తలేదు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె బల్ల దగ్గరికి వెళ్ళింది. యంత్రం వేడికి బొబ్బలెక్కిన చేతులతో కాగితాన్ని నాలుగు మడతలు వేసి బావగారి ముందు పెట్టింది.

"సంతకం పెట్టను. అత్తయ్య ఉమ్మదు. నా కూతురి చేత మాయ చేసి ఉమ్మించారు, అదే ఆఖరు. ఈ ఇంట్లో ఆడవాళ్ళ నోట్లో ఉమ్మి మీ ఆస్తి తగాదాలకి కాదు."

ఆమె గొంతు పెద్దగా లేదు. చినమామగారు లేచి నిలబడ్డాడు. ఉమ్మకపోతే అదీ ఒక జవాబేనన్నాడు. ఆదివారం మనుషులతో వస్తానన్నాడు. మెట్లు దిగుతుంటే బావగారు బతిమాలుకుంటూ వెంటపడ్డాడు. కింద దుకాణంలో ఇద్దరి మాటలూ మొదట గట్టిగా వినిపించాయి. తరవాత గుసగుసలయ్యాయి. ఆ గుసగుసలే ఆమెను ఎక్కువ భయపెట్టాయి.

తలుపు గడియ పెట్టి వచ్చేసరికి అత్తగారు ఫోన్ చేతిలో పట్టుకుని ఉంది. చదవడం రాని మనిషి, వెలుగుతున్న ఆ వరుస మీద వేలు పెట్టి తడుముతోంది.

"అమ్మాయ్, ఆ దీవులు..." అని ఆగింది. "చాలా దూరమా?"

ఆ మొహంలో ఏముందో కోడలికి తెలియలేదు. అడగలేదు. పక్కన కూర్చుని, దూరమే అత్తయ్యా అంది.