పొయ్యొచ్చే చార్జీ

చెంగయ్య శవాన్ని కంపెనీ గేటు దాటనివ్వలేదు. కరెంటు స్తంభాలు నాటుతూ పదకొండేళ్ళు ఆ కంపెనీ కోసం రెక్కలు ముక్కలు చేసుకున్న మనిషి, ఆసుపత్రి నుంచి తోపుడుబండి మీద వచ్చి, తిరుపతి రేణిగుంట రోడ్డులో మిట్టమధ్యాహ్నపు ఎండలో పడి ఉన్నాడు. వాచ్‌మన్ గేటుకు తాళం వేసి లోపల నిలబడ్డాడు. పాపం, వాడిదీ కూలి బతుకే. మునెమ్మ వైపు చూడలేక తల తిప్పుకున్నాడు.

మునెమ్మ చెంగయ్య భార్య. ఆమె ఏడవడం లేదు. కొంగుతో మొగుడి ముఖం మీది ఈగల్ని తోలుతూ కూర్చుంది.

యూనియన్ కార్యదర్శి ఆదిమూలం గేటు కమ్మీలు పట్టుకుని మేనేజరును పిలిచాడు. చేతిలో కాగితంతో మేనేజరు తీరిగ్గా వచ్చాడు.

"ఏమయ్యా, గూడూరు పోయేందుకు చార్జీ ఇచ్చామా లేదా?"

"ఇచ్చినారు సార్. వచ్చేదానికి ఇయ్యలా. బస్సుకు లేక నిమ్మకాయల లారీ ఎక్కినాడు. ఏర్పేడు కాడ పైనించి పడిపోయినాడు. మీ పనికి పోయి వస్తా సచ్చిపోయినాడు. కంపెనీనే బాధ్యత తీసుకోవాల."

"పని అయ్యాక ఎవడి ప్రయాణం వాడిది. నేననడం లేదు, మీ యూనియనే రాసిచ్చింది. విను." ఒప్పందంలోని ఆరో షరతు చదివాడు. "'కార్మికులు పనిస్థలమునకు వెళ్ళుటకగు బస్సు చార్జీలను కంపెనీ భరించవలెను.' వెళ్ళుటకు. వచ్చుటకు అని ఎక్కడన్నా ఉందా?"

ఆదిమూలం గేటు కమ్మీలు వదిలేశాడు. ఆ మాట మేనేజరు కల్పించింది కాదు. తను రాసిందే.

పోయిన ఏడాది, డెబ్బై ఎనిమిదిలో, ఇరవై రెండు రోజులు సమ్మె చేసి సాధించుకున్న ఒప్పందం అది. కొర్లగుంటలో తోటి కార్మికుడు వెంకటముని ఇంటి ముందు అందరూ కూర్చుని షరతులు చెబుతుంటే ఆదిమూలం రాశాడు. పదో తరగతి దాకా చదివినవాడు అతనొక్కడే. "పని కాడికి పొయ్యొచ్చే చార్జీ కంపెనీ ఇయ్యాల" అన్నాడు వెంకటముని. ఆదిమూలానికి అది మోటుగా తోచింది. పెద్ద ఆఫీసర్లు చదివే కాగితంలో 'పొయ్యొచ్చే' ఏమిటి, నవ్వరూ? బడిలో నేర్చిన తెలుగంతా కూడగట్టుకుని 'వెళ్ళుటకగు' అని దిద్దాడు. చదివి వినిపిస్తే జనం మురిసిపోయారు. "మనోడు ఎంత బాగా రాసినాడబ్బా" అని చెంగయ్యే వీపు తట్టాడు.

వెళ్ళడమంటే తిరిగి రావడం కూడానని అక్కడ ఎవరికి అనుమానం? మనవాళ్ళలో పోయినవాడి మంచిచెడ్డలు పంపినవాడివే. యజమానులు అలా చదవరు. మన మాటలో సందు దొరికితే చాలు, అందులోంచి మన కూటికుండ దాకా వస్తారు.

ఈ వేసవి దాకా కంపెనీ రెండు వైపులా చార్జీ ఇచ్చింది. కొత్త మేనేజరు వచ్చి 'కంపెనీ పద్ధతి' అని గేటుకు నోటీసు అంటించి, తిరుగు చార్జీ ఆపేశాడు. మేనేజరే కాగితం మార్చాడని జనం తిట్టుకున్నారు. ఆదిమూలం నోరు విప్పలేదు. సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గును రెండు నెలలు కడుపులో దాచుకున్నాడు. ఆ రెండు నెలలూ జనం లారీలెక్కి ఇళ్ళకు వచ్చారు.

ఇప్పుడు బండి చుట్టూ అరవై మంది కార్మికులు ఉన్నారు. "కాగితం మార్చిన దొంగను బయటికి లాగండప్పా" అని తిరుమలయ్య అరుస్తున్నాడు.

"ఎవురూ మార్చలేదన్నా" అన్నాడు ఆదిమూలం. "రాసింది నేనే. మీరు పొయ్యొచ్చే అని చెప్తే, నేను గొప్పకు పోయి దిద్దినాను. తెలిసీ మీకు చెప్పలేదు."

తిరుమలయ్య అతని చొక్కా పట్టుకున్నాడు. "అయితే చెంగయ్యను సంపింది నువ్వేగదరా."

"అవునన్నా" అన్నాడు ఆదిమూలం. ఆ మాట అతను ఊరికే అనలేదు.

వెంకటముని మధ్యలోకి వచ్చాడు. "వదులప్పా. చదివి ఇనిపించినప్పుడు మనమూ తలలూపినాం. ఎవురన్నా అడిగినామా?"

"మన రాతే తప్పయితే వాళ్ళనేమని అడుగుతాం?" అన్నాడు తిరుమలయ్య చొక్కా వదిలి.

మునెమ్మ లేచి గేటు దగ్గరికి వచ్చింది.

"సారూ, మొన్న పొద్దన పనికి బయల్దేరేటప్పుడు ఈయన నాతో పొయ్యొస్తానే అన్నాడు. పోతానని ఏ మొగోడూ ఇంట్లో చెప్పడు. ఈ పొద్దు నువ్వేం చెప్పి వచ్చినావు? పోతానని చెప్పినావా? మీ ఆడమనిషి ఒప్పుకొనిందా?"

మేనేజరు కాగితం మడిచాడు. మునెమ్మ ఆదిమూలం వైపు తిరిగింది. "ఇప్పుడు రాయి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. ఒక్క అచ్చరం దిద్దొద్దు."

ఆదిమూలం గేటు మీది నోటీసు పీకి, వెనక వైపున రాశాడు. పనికి పంపినోళ్ళే మమ్మల్ని ఇంటికి చేర్చాల. పొయ్యొచ్చే చార్జీ ఇయ్యాల. ఇల్లు చేరేదాకా మేము పనిలో ఉన్నట్టే. చెంగయ్య పనిలో సచ్చిపోయినాడు. చివరి మాట దగ్గర అతనికి అక్షరాలు కనిపించలేదు, కళ్ళు తుడుచుకుని రాయవలసి వచ్చింది. ముందు మునెమ్మ వేలిముద్ర పడింది. తర్వాత అరవై మందివీ పడ్డాయి.

"ఇదేం తెలుగయ్యా?" అన్నాడు మేనేజరు.

"మా తెలుగు సార్" అన్నాడు ఆదిమూలం.

కాగితం అందుకోకుండా మేనేజరు ఫోన్ చేయడానికి వెళ్ళాడు. అరగంటలో రెండు పోలీసు జీపులు వచ్చాయి. దారికి అడ్డంగా శవాన్ని పెట్టిందెవరని ఎస్సై అడిగితే ఆదిమూలం ముందుకు వచ్చాడు.

"ఒక్కసారి అన్నకు భుజం పట్టి వస్తా సార్."

"ఎక్కు."

ఎక్కించారు. జీపులోంచి అతనికి చెంగయ్య పాదాలు మాత్రం కనిపించాయి. తన వీపు తట్టిన మనిషిని నాలుగడుగులు మోసే భాగ్యం కూడా లేకపోయిందని ఆదిమూలం చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు.

"ఇంగ ఎత్తండప్పా" అంది మునెమ్మ. తిరుమలయ్య ముందు భుజం పట్టాడు.

"మిగతావాళ్ళూ పదండి" అన్నాడు ఎస్సై.

"మోసేదానికి వాళ్ళు సాలు" అని వెంకటముని గేటు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అతని పక్కన ఒకరు, ఆ పక్కన ఇంకొకరు, రోడ్డు దాకా కూర్చున్నారు. సాయంత్రం బస్సుకు శ్రీకాళహస్తి పనికి పోవలసిన గ్యాంగూ వాళ్ళలోనే ఉంది. గుమాస్తా వచ్చి వాళ్ళ పేర్లు పిలుస్తూ, పోయే చార్జీ పట్టుకుని గేటు సందులోంచి చెయ్యి బయటికి చాచాడు. జీపు కదిలేదాకా ఆదిమూలం ఆ చేతినే చూశాడు. ఒక్కరూ అందుకోలేదు.