నలగని కోటు

కటెరెగ్గా కూతురు నకిబూలే పట్టా పుచ్చుకునే రోజుకు ఇంకా మూడు వారాలుందనగా ఫోన్లో ఒక్కటే మాట చెప్పింది. "నాన్నా, సూటు వేసుకుని రా. బోడా తోలేవాడిలా మాత్రం రావద్దు."

కంపాలా వీధుల్లో పదిహేడేళ్లుగా బోడా, అంటే కిరాయి మోటారుసైకిలు, తోలుతూ, బండి వెనక కూర్చున్న మనుషుల్ని ఊరంతా తిప్పినవాడికి ఆ మాట గుచ్చుకోక మానుతుందా? గుచ్చుకుంది. అయినా తన వల్ల పిల్ల నలుగురిలో తల దించుకోకూడదనుకున్నాడు. ఒవీనో పాతబట్టల సంతలో బూడిదరంగు సూటు ఏరుకొచ్చి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఈగ వాలితే జారిపడేలా ఇస్త్రీ చేశాడు.

ఇస్త్రీ ఎవడైనా చేస్తాడు. దాన్ని నలగకుండా బండి మీద విశ్వవిద్యాలయం దాకా చేర్చడమే అసలు పని. దీని మీద బోడాల స్టాండులో మూడు రోజులు చర్చ నడిచింది. చుట్టచుట్టి సంచీలో పెడితే కోటు కాస్తా ముసలివాడి మొహంలా తేలింది. హ్యాంగరుకు తగిలించి, వెనక కూర్చున్న తోటి బోడావాడు మవేజే చేతికిస్తే, గాలికి ఎగిరి అతన్ని బండి మీంచి తోసేసినంత పని చేసింది.

"నీ కోటు నా ప్రాణం తీసేలా ఉందిరా బాబూ!" అన్నాడు మవేజే. "మనిషి ఒంటిని మించిన హ్యాంగరు లేదు. తొడుక్కునే పో."

ఆ ఉదయం కటెరెగ్గా కోటు తొడిగాడు. టై గాలికి కొట్టుకోకుండా వీపు మీదికి తిప్పుకున్నాడు. మవేజే గుండీ పెట్టాడు. స్టాండులో పదకొండు మంది చుట్టూ తిరిగి మరీ చూశారు.

"ఒక్క ముడత లేదన్నా! మంత్రిగారిలా ఉన్నావు" అన్నారు.

కటెరెగ్గా గుంతలు తప్పిస్తూ, ఎప్పుడూ లేనంత మర్యాదగా బండి నడిపాడు. చేరాక హెల్మెట్ తీసి ఛాతీ తడుముకున్నాడు. నున్నగా ఉంది. గుండీలు చేతికి తగల్లేదు. అప్పుడైనా అనుమానం రావాల్సింది. రాలేదు.

షామియానా దగ్గర నకిబూలే నల్లగౌనులో స్నేహితురాళ్లతో నిలబడి ఉంది. వాళ్లలో ఒకమ్మాయి కిసుక్కుమంది. "అటు చూడవే, ఆయన కోటు వెనకది ముందుకు తొడుక్కున్నాడు!"

చలిగాలి గుండెకు కొట్టకుండా కోటు అలా తొడగడం బోడావాళ్ల అలవాటు. పదిహేడేళ్లలో కటెరెగ్గా ఏ కోటూ మరోలా తొడగలేదు. స్టాండులో ఆ పదకొండు మందికీ కోటంటే అదే. అతని పైప్రాణాలు పైనే పోయాయి. కూతురు వద్దన్నది ఒక్కటే, సరిగ్గా అదే చేశాడు. విప్పబోతే వీపు మీది గుండీ చేతికి అందలేదు. ఏడుపొచ్చింది.

నకిబూలే వచ్చి అతని వెనక నిలబడింది. తల్లి లేని ఇంట్లో, బడికెళ్లే రోజుల్లో, పొద్దున్నే స్టూలెక్కి నాన్న కోటుకి వెనక గుండీలు పెట్టింది తనే.

"ఇవాళ ఎవరు పెట్టారు నాన్నా?"

"మవేజే."

"కింది గుండీ వదిలేశాడు" అంటూ పెట్టేసింది.

"తిప్పి తొడుక్కుంటానమ్మా. ఒక్క నిమిషం."

"వద్దు, నలుగుతుంది." ఆమె స్నేహితురాళ్లవైపు తిరిగి గట్టిగానే చెప్పింది. "మా నాన్న. బోడా తోలతాడు."

ఫొటో తీసేవాడు తల గోక్కున్నాడు. "ఇటు నుంచి తీస్తే సూటు పడదమ్మా."

"అటు నుంచి తియ్యి. నా గౌను మీది ఎర్రపట్టీ కూడా వీపు మీదే ఉంది."

ఆ ఫొటో ఇప్పుడు కటెరెగ్గా ఇంటి గోడ మీద ఉంది. పక్కపక్కనే రెండు వీపులు. ఒకదాని మీద ఎర్రపట్టీ, ఇంకోదాని మీద గుండీలు పెట్టిన కోటు, టై. చూడొచ్చినవాళ్లు మొహాలేవని అడుగుతారు.

"మొహాలు రోజూ చూస్తూనే ఉన్నారుగా" అంటాడు కటెరెగ్గా. "కోటు చూడండి. ఎక్కడైనా నలిగిందా?"