రెండు మడతలు, మూడు మడతలు

లిఫ్టు గుంతలో నిలబడి ఫోన్ చేస్తే సగం మాట సిమెంటు తాగేస్తుంది. ఆ సంగతి లిఫ్టు మెకానిక్‌కి ఇరవై ఏళ్ళుగా తెలుసు. తెలిసీ, గురువారం మధ్యాహ్నం, పన్నెండు అంతస్తుల ఆఫీసు భవనం అడుగున, గ్రీజు చేత్తోనే లెక్కల టీచరుగారికి ఫోన్ చేశాడు. చెయ్యి కడుక్కుని, పైకొచ్చి, నిదానంగా ఆలోచిస్తే మళ్ళీ చెయ్యలేనని భయం.

“టీచరుగారూ, ఇక నావల్ల కాదు. రాజీనామా రాసి తెస్తున్నా. ఆదివారం కొండమీద అందరి ముందూ చదువుతా” అన్నాడు.

టీచరుగారి చెవిన పడింది ఇంతే: “...గారూ... రాజీ... రాసి తెస్తున్నా... కొండమీద అందరి ముందూ చదువుతా.”

‘నామా’ను గుంత మింగింది.

“ఇంతకాలానికి మంచి మాట చెప్పావు. త్వరగా రాసెయ్, మళ్ళీ మనసు మార్చుకోకు” అని ఆవిడ అన్నది మాత్రం అక్షరం పొల్లుపోకుండా అతనికి చేరింది. సిమెంటుకు కూడా పక్షపాతం ఉంటుందని మెకానిక్‌కి ఆదివారం దాకా తెలియలేదు.

పక్షాల గొడవ అతనికి కొత్తేమీ కాదు. కొండలెక్కేవాళ్ళ సంఘం వాళ్ళది. పద్నాలుగు మంది, టీచరుగారు అధ్యక్షురాలు, అతను కార్యదర్శి. పక్షానికో ఆదివారం ఊరవతల నల్లరాతి కొండకి పోవడం, నిట్టనిలువు బండని తాళ్ళు కట్టుకుని ఎక్కడం, పైన కూర్చుని ఉడకబెట్టిన గుడ్లు తినడం, వెనకదారిన దిగిరావడం. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఎనిమిది నెలల కిందట ఎన్నికలొచ్చాయి. గెలిచిన పార్టీ ఆ కొండకే రోప్‌వే వేస్తానంది. అంతే, పక్షానికోసారి కలిసే సంఘం కాస్తా రెండు పక్షాలయింది. స్నేహాలన్నీ కొండెక్కాయి, దీపాలు కొండెక్కినట్టు.

ఆరుగురు అటు, ఆరుగురు ఇటు. అటువైపు పెద్దదిక్కు సర్వేయరు, మెకానిక్ భార్యకు స్వయానా తమ్ముడు. రోప్‌వే వస్తే మోకాళ్ళరిగినవాళ్ళు కూడా కొండ చూస్తారు, పదిమందికి పని దొరుకుతుంది అంటాడు. ఇటువైపు పళ్ళ డాక్టరమ్మ. ఆ బండలో ఇనప స్తంభం దింపితే తన దవడలో దింపినట్టే అంటుంది. ఏ వైపూ కానివాళ్ళు ఇద్దరే, టీచరుగారూ మెకానిక్కూ.

“లిఫ్టువాడివి, కాబట్టి అటు అనుకోవాలా? కొండవాడివి, కాబట్టి ఇటు అనుకోవాలా?” అని డాక్టరమ్మ ఒకసారి నిలదీసింది.

“గోడమీద పిల్లిని డాక్టరుగారూ. గోడలెక్కడమే కదా నా సరదా” అన్నాడు. మొదటిసారి అందరూ నవ్వారు. నలభయ్యోసారి ఎవరూ నవ్వలేదు, అతనితో సహా.

నేలమీద వాదించుకుంటే ఫరవాలేదు. చిక్కంతా తాడు దగ్గరొచ్చింది. సంఘంలో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. కొండ కింద ఒక హెల్మెట్‌లో అందరి పేర్లూ చీటీలేసి, కార్యదర్శి రెండేసి చొప్పున తీస్తాడు. ఎవరికి ఎవరొస్తే వాళ్ళిద్దరిదీ ఒకే తాడు. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు కింద నిలబడి ఆ తాడు కాయాలి, కావలసినంత వదలాలి, జారితే బిగపట్టాలి. పట్టూ విడుపూ రెండూ తెలియాలి. వచ్చిన జోడీని కాదన్నవాళ్ళు కిందే కూర్చుని సంచులు కాయాలి. పంతొమ్మిదేళ్ళలో సంచులు కాసినవాళ్ళు లేరు.

ఎన్నికలయ్యాక వారంలో నాలుగు ఫోన్లు. “బావా, ఆ పళ్ళావిడ తాడుకి నన్ను కట్టకు” అని సర్వేయరు. “మీ బావమరిది చేతిలో నా ప్రాణం పెట్టకు, దానికి కూడా టెండరు పిలుస్తాడు” అని డాక్టరమ్మ.

ఆ శనివారం సాయంత్రం చీటీలు మడుస్తుంటే మెకానిక్ వేళ్ళు వాటంతట అవే ఒక పని చేశాయి. సర్వేయరు వైపు చీటీలకి రెండు మడతలు పెట్టాయి, డాక్టరమ్మ వైపు చీటీలకి మూడు. హెల్మెట్‌లో చెయ్యిపెట్టి తడిమితే చాలు, పలచనిది పలచనిదాంతో, మందమైంది మందమైనదాంతో బయటికొచ్చేవి. బేసి మిగిలిన చోట తనుగానీ టీచరుగారుగానీ దూరేవాళ్ళు. ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగిందని ఒక వైపు, జరగలేదని ఒక వైపు ఎనిమిది నెలలు గొంతులు చించుకుంటుంటే, నిజంగా జరుగుతున్న చోటు ఆ హెల్మెటని ఒక్కరూ అనలేదు.

మడతపేచీలు పడలేక మడతలు మొదలెట్టాడు. చివరికి మడతలే పేచీ అయ్యాయి. “దుప్పటి మడవమంటే చేతకాదంటావు, ఈ కాగితాలు మాత్రం పట్టుచీరల్లా మడుస్తావేం?” అని భార్య అడిగితే ఇంకో చీటీ అందుకునేవాడు. పనిలో పాడైన లిఫ్టుకి ఎక్కడో ఒక తీగ దొరుకుతుంది, అది మారిస్తే కదులుతుంది. ఈ పద్నాలుగు మందిలో ఏ తీగ మార్చాలో అతనికి అంతుపట్టలేదు. తను పోవడమొక్కటే మిగిలింది.

ఆదివారం పొద్దున్న కొండ కిందికి పద్నాలుగు మందీ వచ్చారు. ఎన్నికల తరవాత అందరూ రావడం అదే మొదలు. కారణం టీచరుగారు. కార్యదర్శి రెండు వైపులకీ రాజీ కుదిర్చాడనీ, కాగితం మీద పెట్టాడనీ, పైన చదువుతాడనీ ఆవిడ గురువారం సాయంత్రానికే అందరికీ చేరవేసింది. ఆ సంగతి చేరనిది ఒక్క కార్యదర్శికే. జేబులో రాజీనామా పెట్టుకుని, వాళ్ళంతా తన వీడ్కోలుకి వచ్చారనుకున్నాడు.

సర్వేయరు వస్తూనే భుజం మీద చెయ్యేశాడు. “బావా, ఈ పనేదో ఎన్నికలప్పుడే చేసుంటే ఎంత బాగుండేది.”

“అందరి మనసులోనూ ఇదే ఉంది” అంది డాక్టరమ్మ. “పైకి అనడానికి మొహమాటపడ్డాం.”

బస్సు డ్రైవరు అతని చెయ్యి పట్టుకుని పంపు కొట్టినట్టు కొట్టాడు. “మా ఇంట్లోవాళ్ళు కూడా సంతోషించారన్నా.”

“పొడుగ్గా రాయలేదు కదా?” అన్నాడు టైలరు. “రెండు ముక్కల్లో కత్తిరించి పారెయ్.”

మెకానిక్ అందరికీ తలాడించాడు. రాజీనామా ఇచ్చేవాడికి లోపల ఒకటే ఆశ ఉంటుంది, ఎవరో ఒకరు వద్దంటారని. వద్దన్నాక కూడా ఇచ్చేయొచ్చు, అది వేరే సంగతి. పదమూడు మంది ఉన్నారు. పంతొమ్మిదేళ్ళు. ఒక్కరూ వద్దనలేదు.

ఎలాగూ పోతున్నవాడికి మడతలెందుకని ఆ శనివారం చీటీలన్నిటికీ ఒకటే మడత పెట్టాడు. హెల్మెట్‌లో చెయ్యి పెడితే అన్నీ ఒకేలా తగిలాయి. ఎనిమిది నెలల తరవాత అతనికి తెలియని చీటీ తీశాడు.

“సర్వేయరు” అని చదివాడు. రెండోది విప్పి, కాసేపు చూసి, “పళ్ళ డాక్టరుగారు” అన్నాడు.

డాక్టరమ్మ సర్వేయర్ని ఎగాదిగా చూసింది. “సరే, ఇవాళ్టికి” అంది. అటుపక్క డ్రైవరుకి ఇటుపక్క టైలరు వచ్చాడు. మెకానిక్‌కి టీచరుగారు వచ్చింది, ఈసారి నిజంగానే.

బండమీద ఈ తాడూ సర్వేయరు తాడూ పక్కపక్కనే పడ్డాయి. మెకానిక్ టీచరుగారి తాడు కాస్తూ, పక్కతాడు వైపే చెవి పెట్టి నిలబడ్డాడు. డాక్టరమ్మ ముందు ఎక్కుతోంది, కింద సర్వేయరు.

“వదులు” అంది డాక్టరమ్మ పైనుంచి.

“వదిలా. మీ నాయకుడే, ఓడినా కుర్చీ వదల్లేదు.”

“కొంచెం లాగు. మీవాళ్ళు ఓట్లు లాగినట్టు కాదు, మెల్లిగా.”

“పన్నులు తగ్గించింది ఎవరు? మావాళ్ళు కాదూ?”

“పన్నుల సంగతి నా దగ్గరా? వేసేది మీవాళ్ళు, పీకేది నేను. ఎడమ కాలికి పట్టు దొరకట్లేదు, చూసి చెప్పు.”

“మోకాలి పక్కన ఒక పగులుంది. ఇంకొంచెం కింద. ఆ, అదే.”

అప్పుడే ఆవిడ కుడికాలు జారింది. మెకానిక్ నోరు తెరిచేలోపే సర్వేయరు నడుం వెనక్కి వంచి తాడు బిగపట్టేశాడు. ఆవిడ రెండడుగులు కూడా పడలేదు. గాల్లో ఒక చుట్టు తిరిగి మళ్ళీ బండని పట్టుకుంది. ఆవిడ రెండు కాళ్ళూ నిలదొక్కుకునేదాకా సర్వేయరు నడుం ఎత్తలేదు.

“వదిలేస్తే ఒక ఓటు తగ్గేదిగా” అంది పైనుంచి.

“బుధవారం నా పన్ను ఎవరు పీకుతారు మరి? ఎక్కండి.”

మళ్ళీ రోప్‌వే దగ్గర మొదలెట్టారు. రాజకీయం ఒక్క మెట్టు తగ్గలేదు, తాడు ఒక్క అంగుళం తప్పలేదు. మెకానిక్‌కి సంతోషం కలగాలి, కలగలేదు. పదహారు శనివారాల కాగితాలన్నీ ఒకేసారి నెత్తిన పడ్డట్టయింది.

పైన అందరూ కూలబడ్డారు. డ్రైవరూ టైలరూ ఇంకా రాలేదు. కాలు మోపే చోటు దొరికిన ప్రతిసారీ ఆగి ఒక ప్రభుత్వ శాఖ పనితీరు తేల్చుకుంటున్నారు, గొంతులు కిందనుంచి వినిపిస్తున్నాయి.

డాక్టరమ్మ గుడ్డు వలుస్తూ, “విచిత్రం కదూ. ఇన్ని నెలల్లో అటువైపు మనిషి నాకు రావడం ఇదే మొదటిసారి” అంది.

“విచిత్రం కాదమ్మా, లెక్క” అంది టీచరుగారు. “పదహారు ఆదివారాలు. నిజంగా చీటీలే తీసుంటే అటూ ఇటూ ఒక్కసారి కూడా కలవకుండా ఉంటారా? నా ఏడో తరగతి పిల్లలు కూడా నమ్మరు. నాలుగో ఆదివారం నేను మడతలు చూశాను.”

“చూసి ఊరుకున్నారా?” అన్నాడు సర్వేయరు.

“నాకూ ఓపిక లేదు.”

అందరి కళ్ళూ మెకానిక్ మీదికి తిరిగాయి. అతను దాచలేదు. రెండు మడతలు, మూడు మడతలు, వేళ్ళతో తడమడం, బేసి చోట దూరడం, అన్నీ చెప్పాడు. చెబుతుంటే తనకే విసుగేసింది, ఇంత చిన్న పనికి ఇంత అలసటా అని.

సర్వేయరు అతని ఎదుటికి జరిగాడు. “బావా, నేను ఆవిణ్ణి పడేస్తాననుకున్నావా?”

“లేదు. మీ అరుపులు వినలేక.”

“నిజం చెప్పు.”

“ఒక్కోసారి అనుకున్నానేమో” అన్నాడు మెకానిక్.

అతను జేబులోంచి కాగితం తీసి, “అందుకే ఇది” అని చదివాడు. “అధ్యక్షురాలికి. నేను ఈ రోజు నుంచి కార్యదర్శి పదవికీ, సంఘానికీ రాజీనామా...”

“ఆగాగు” అన్నాడు సర్వేయరు. “రోప్‌వే సంగతేది?”

“రోప్‌వే సంగతి ఇందులో ఎందుకుంటుంది?”

“రాజీ అన్నావుగా.”

“రాజీ ఏమిటి? రాజీనామా అన్నాను.”

టీచరుగారి చేతిలో గుడ్డు ఆగిపోయింది. “నాకు రాజీ అనే వినిపించింది” అంది మెల్లిగా. “వీళ్ళందరికీ అదే చెప్పాను.”

“నేను లిఫ్టు గుంతలో ఉన్నానండీ.”

“అంటే పొద్దున మేమన్నవన్నీ...” అంది డాక్టరమ్మ.

“నేను పోతున్నందుకు అనుకున్నా.”

ఆవిడ గుడ్డు పక్కన పెట్టింది. ముఖంలో కోపం తగ్గలేదు. “నేను ఒప్పుకోను. నువ్వంటే ముద్దొచ్చి కాదు. పదహారు ఆదివారాలు మమ్మల్ని హంతకుల్ని చేసి, ఇప్పుడు కాగితం చదివి చక్కా పోతావా? ఉండు. ఉండి, సరిగ్గా చీటీలు తియ్. మా అరుపులు విను. అదే నీకు శిక్ష.”

“ఈ ఒక్క విషయంలో మాత్రం ఆవిడతో ఏకీభవిస్తున్నా” అన్నాడు సర్వేయరు.

ఎనిమిది నెలల్లో సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది అదొక్కటే. ఎవరో ఒకరు వద్దంటే చాలనుకున్నాడు మెకానిక్. అన్నారు, ఆ అన్న తీరు మాత్రం ఎముకల్లో దిగింది. కాగితం నాలుగుగా చింపి, గాలికి వదలకుండా గుడ్డు పెంకుల సంచిలో వేశాడు. ఇంకా ఎన్ని ఆదివారాలో అని లెక్కేయబోయి మానుకున్నాడు.

అప్పుడు బండ అంచున డ్రైవరు తల లేచింది. వెనకే టైలరు. ఇద్దరూ చెమటతో ముద్దయ్యారు.

“రాజీ చదివేశారా?” అన్నాడు డ్రైవరు ఊపిరి కూడదీసుకుంటూ. “ఎవరు తగ్గారు?”

పన్నెండు మందీ ఒక్కసారి మొదలెట్టారు. రాజీ కాదు రాజీనామా అని ఒకరు, ఫోన్‌లో సగమే వినపడిందని ఒకరు, మడతల దగ్గర్నుంచి చెప్పాలని ఒకరు, గుంత దగ్గర్నుంచి చెప్పాలని ఒకరు. సర్వేయరు చెబుతుంటే డాక్టరమ్మ దిద్దింది, డాక్టరమ్మ చెబుతుంటే సర్వేయరు అడ్డొచ్చాడు. చివరికి టీచరుగారు చెయ్యెత్తి అందర్నీ ఆపి, తప్పు తన చెవిదని ఒప్పుకుని, మొదటినుంచి వరసగా చెప్పింది.

డ్రైవరు అంతా విని మెకానిక్ వైపు తిరిగాడు. “అంటే పొద్దున నేను చెయ్యి ఊపింది, మా ఇంట్లోవాళ్ళు సంతోషించారన్నది...”

“అవును తమ్ముడూ” అన్నాడు మెకానిక్. “నేను పోతున్నందుకే అనుకున్నా.”

డ్రైవరు వచ్చి అతని పక్కన కూలబడ్డాడు. “ఎవరూ సంతోషించలేదన్నా. పొద్దున ఊరికే అన్నా, మా ఇంట్లో అసలు చెప్పనే లేదు” అన్నాడు.