బావగారి ఎడమ కన్ను

బల్ల మీద కర్రతో బంతులు కొట్టే పూల్ ఆటలో తలను ఎక్కడ నిలపాలన్నది అభిరుచికి సంబంధించిన విషయం కాదు. ఏ కన్ను గురి చూస్తుందో ఆ కంటి కింద కర్ర ఉండాలి. లేకపోతే తిన్నగా కొట్టామనుకున్న బంతి తిన్నగా పోదు. ఉద్యోగమంతా సర్వే దుర్భిణికి కన్ను ఆనించి గడిపినవాణ్ణి కనుక ఈ మాట ఎవరికైనా సాధికారంగా చెప్పగలను, నా జంట ఆటగాడికి తప్ప. ఆయన నా వియ్యంకుడు.

ఇంకెవరైనా అయితే మెడ పట్టుకొని సరిచేసేవాణ్ణి. వియ్యంకుడి మెడ మీద చెయ్యి వేయడం ఎలా? నేను క్లబ్బుకు బయలుదేరే వేళకు మా అమ్మాయి ఫోను రానే వస్తుంది. "నాన్నా, మామయ్యగారిని ఏమీ అనకండి. మీరు అనేసి ఇంటికెళ్లిపోతారు. ఆ మూతిముడుపు చూడాల్సింది నేను."

ఆయనది కుడిచేతి వాటం, గురి మాత్రం ఎడమ కంటిది. అరచేతుల మధ్య సందులోంచి గోడగడియారాన్ని చూడమని, ఒక్కొక్క కన్నూ మూయించి నేనే తేల్చాను. ఎడమ కన్ను మూయగానే గడియారం మాయమైంది.

"చూశారా బావగారూ? తల కాస్త కుడికి జరపండి, చాలు."

"అంటే నా కుడి కన్ను దండగా? రైలింజను నడిపినన్నాళ్లూ ఈ కళ్లతోనే సిగ్నళ్లు చూశాను. వంక పెట్టినవాడు లేడు. ఇప్పుడు మీరు పెట్టండి!"

"వంక కాదండీ..."

"కుడిచేత్తో కొట్టేవాడు కుడికంటితో చూడాలి. దీనికి చదువెందుకు?"

గడ్డాన్ని కర్రకు ఎడమగా జరిపి, కుడి కన్ను కర్ర మీదికి తెచ్చుకొని కొట్టేవారు. వెంట్రుకవాసి తేడాతో బంతి పాకెట్ అంచు తాకి తిరిగి వచ్చేది. ఎప్పుడూ అదే అంచు. ఆయన మాత్రం ఒకసారి బల్లను, ఒకసారి కర్ర మొనకు రాసే సుద్దను, ఒకసారి ఫ్యాను గాలిని తిట్టేవారు. ఫ్యాను గాలిని!

ఈ విధంగా ఏటా జంటల కప్పును పళ్లడాక్టరు అన్నదమ్ములకు సమర్పించుకుంటున్నాం. "మీకు ఆట కన్నా బంధుత్వమే బాగా కుదిరిందండీ," అన్నాడు డాక్టరు కిందటేడు, కప్పు తుడుచుకుంటూ. ఆ కప్పు ఒక్కసారైనా మా ఇంటికి రావాలన్న పంతం అప్పుడే పట్టుకుంది.

ఈ ఏడాది పోటీల ముందు వియ్యంకుడి కుడి రెప్ప మీద కురుపు లేచింది. కంటికి దూది, పైన పట్టీ. గత్యంతరం లేక తల కుడికి జరిగింది, ఎడమ కన్ను కర్ర మీదికి వచ్చింది. బంతులు పేరు పెట్టి పిలిచినట్టు వెళ్లి పాకెట్లలో పడ్డాయి. ఫైనల్‌కు చేరాం.

ఆ రోజుకు కురుపు మానిపోయింది. పట్టీ జేబులో పెట్టుకొని వచ్చారు. "ఒంటికన్నుతోనే ఇంతదూరం తెచ్చాను. ఇవాళ చూడండి తమాషా!" అంటూ గడ్డం ఎడమకు జరిపి ఒక బంతి కొట్టి చూశారు. అదే అంచు.

"బావగారూ, కన్ను ఇంకా ఎర్రగా ఉన్నట్టుందే," అన్నాను. కన్ను కడిగిన అద్దంలా ఉంది. కొలతల్లో ఏనాడూ అంగుళం అబద్ధం రాయని మనిషిని నేను.

"అవునా? మా ఆవిడ తగ్గిందందే?"

"ఈ దీపాల వేడికి తిరగబెడుతుందేమో. ఆపైన మీ ఇష్టం."

పట్టీ కట్టుకున్నారు. ఆఖరి నల్ల బంతిని ఆయనే పాకెట్లో వేశారు.

"ఒంటికన్నుతో గెలిపించాను! రెండూ ఉంటే వీళ్లు బల్ల దగ్గర నిలబడేవారా?" అన్నారు అందరూ వినేలా. తరువాత నా వైపు వంగి, "ఏమీ అనుకోకండి బావగారూ, ఆ తల పాఠం ఇక కట్టిపెట్టండి. ఆటకు పనికిరాదు," అన్నారు.

నోరు తెరిచాను. అమ్మాయి గుర్తొచ్చింది. మూసుకున్నాను.

కప్పు చెవులు చెరొకటి పట్టుకొని నిలబడ్డాం. ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూస్తూ, "పెద్దాయనా, తల కాస్త కుడికి," అన్నాడు.

మా వియ్యంకుడు కిక్కురుమనకుండా జరిపారు.