అత్తగారు ఉమ్మేసిన వాన

వాన మొదలవగానే ఆ వీధిలో వాళ్లంతా ముందు చేపలావిడ ఇంటి కిటికీ వైపు చూసేవాళ్లు. ఆ కిటికీలోంచి ఆవిడ అత్తగారు చెయ్యి బయటపెట్టి, అరచేతిలో పడ్డ చుక్కలు నాలుక మీద వేసుకుని, ఆ వాన ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో చెప్పేది. సముద్రం మీంచి వచ్చిందంటే రెండు రోజులు వదలదని అందరూ బట్టలు లోపలేసుకునేవాళ్లు. బేకరీ మీదుగా వచ్చిందంటే పిల్లలు బన్నుల కోసం పేచీ మొదలుపెట్టేవాళ్లు.

కోడలికి వాన రుచితో కాదు, వాన నీళ్లతోనే పని. ఊరి చివర చేపపిల్లల కేంద్రం ఆవిడ చేతిమీదే నడిచేది. కొండవాగు నీళ్లు తొట్లలోకి పారతాయి. వాటిలో గుడ్లు పొదిగించి, పిల్లలయ్యాక సరస్సులో వదులుతారు. ఆ ఏడు రెండు విడతల గుడ్లు తెల్లగా పాలిపోయి చచ్చిపోయాయి. వాగులో నత్తగుల్లలు వేలితో నొక్కితే చాలు, చిట్లిపోయేవి. పై అధికారి వచ్చి, తొట్లు సరిగ్గా కడగకపోవడం వల్లేనని తేల్చేశాడు. మూడో విడత కూడా పోతే ఉద్యోగం మీద ఆశ వదులుకోమన్నాడు. పన్నెండేళ్లుగా ఆ పనిలో చేతులు అరగదీసుకున్న మనిషి, ఇంటికొచ్చి కూలబడింది.

మూడో విడత గుడ్లు వేసిన వారానికే ముసురు పట్టింది. అత్తగారు అలవాటుగా చుక్క నోట్లో వేసుకుని, వెంటనే ఉమ్మేసింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని కిటికీ మూసేసింది.

“ఎక్కడిదత్తయ్యా?” అని కోడలే అడిగింది.

“మన చిన్నాడి చిమ్నీ మీంచి. పొగని కడక్కుండానే వదిలేస్తున్నారు.”

చిన్నాడంటే మరిది. గాలి వచ్చే వైపు, చాలా దూరంలో, బొగ్గు కాల్చి కరెంటు తీసే చోట పని. బొగ్గులో ఉన్న గంధకం కాలి పొగతో పైకి పోతుందనీ, మబ్బులో తడి తగిలితే యాసిడై వానతో దిగుతుందనీ, అందుకే పొగని సున్నపు నీళ్లతో కడిగి వదలాలనీ ఇంట్లో అందరికీ చెప్పింది అతనే. ఆ కడిగే పంపులు చూసుకునేదీ అతనే.

కోడలు గొడుగైనా తీసుకోకుండా కేంద్రానికి పరిగెత్తింది. వారానికోసారి నీళ్లు పరీక్షించేది కానీ, వాన పడుతుండగా ఎప్పుడూ చూడలేదు. పులుపు చూసే కాగితం వాగులో ముంచితే ఎర్రబడింది. ఆ పులుపు కొండమట్టిలో లోహాన్ని కూడా కరిగించి తెస్తోందనీ, అది చేపల మొప్పల్ని పట్టేస్తుందనీ ఆవిడకి తెలుసు. ఆ పులుపు విరగడానికి నీళ్లొచ్చే కాలవ నిండా సున్నపురాయి పోయించింది. అప్పటికే సగం గుడ్లు తెల్లబడ్డాయి.

ఆదివారం మరిది వచ్చాడు. తల్లి అతని ముందు గ్లాసుడు వాననీళ్లు పెట్టింది. అతను ముట్టుకోలేదు. ఎవరు చెప్పారనీ అడగలేదు. చిన్నప్పుడు తడిసి ఇంటికొచ్చిన ఏ రోజూ ఎక్కడ తిరిగాడో ఆవిడ దగ్గర దాచగలిగింది లేదు. పంపులు చెడి మూడు నెలలైందనీ, బాగుచెయ్యాలంటే ఉత్పత్తి ఆపాల్సొస్తుందని మేనేజరు ఒప్పుకోలేదనీ, అవి నడుస్తున్నట్టు తనతోనే సంతకాలు పెట్టించాడనీ మెల్లిగా చెప్పాడు.

“పెట్టకపోతే నన్ను తీసేస్తారమ్మా.”

“నీ ఉద్యోగం నిలబడింది. మీ వదినది పోతోంది.”

అతను వదిన వైపు చూడలేకపోయాడు. ఆవిడ తడిసిన చెప్పులు గుమ్మం దగ్గర ఆరబెట్టుకుంటూ ఉండిపోయింది.

మర్నాడు అతను సంతకం పెట్టనన్నాడు. జరిగిందంతా రాసి కాలుష్య తనిఖీ వాళ్లకి ఇచ్చాడు, ఒక కాపీ వదిన పై అధికారికీ పంపాడు. పది రోజులకి తనిఖీ వాళ్లు వచ్చి బాయిలర్ ఆపించారు. పంపులు బాగయ్యాక, మేనేజర్ని వేరే చోటికి పంపేశారు, మరిది ఉన్నచోటే ఉన్నాడు. అధికారి కేంద్రానికి వచ్చి, తొట్ల తప్పేమీ లేదని చెప్పడానికి చాలా నీళ్లు నమిలాడు.

మిగిలిన గుడ్లలో నల్లటి కళ్లు కనిపించాయి. ఒక పొద్దున ఒకటి చిట్లి, వెంట్రుకంత తోక బయటికొచ్చి కొట్టుకుంది. తర్వాత తొట్టి తొట్టంతా కదిలింది. కోడలు తొట్టి గట్టు మీద తల ఆన్చి, ఎన్ని వారాల నిద్ర బాకీయో, అక్కడే నిద్రపోయింది. చూడ్డానికి వచ్చిన మరిది ఆవిడని లేపలేదు. బయట చినుకులు మొదలైతే వెళ్లి, కాలవ దగ్గర కాపలా కూర్చున్నాడు.